మగవాడికి రాదన్న జబ్బు

పోయిన వారం తిరువళ్లూరు ఆసుపత్రిలో, కాన్పయి పన్నెండు రోజులైనా ఊరికే కన్నీళ్లు పెట్టుకుంటున్న మా మనవరాలిని మనసు డాక్టరుకు చూపించమని చీటీ రాసిచ్చినప్పుడు, పక్కనున్న వాళ్లత్త, ఆడదాని మనసే అంత, వట్టి మెత్తన, మొగోళ్లయితే ఇట్లా పడిపోతారా అని పెదవి విరిచింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. డెబ్బై దాటినదాన్ని, నలుగురిలో గొంతు చించుకోవడం బాగుండదని ఊరుకున్నాను గానీ, ఆ మాటకు నా దగ్గర జవాబు లేక కాదు. ఒకే కడుపున పుట్టిన మా అక్క, మా అన్న, వాళ్లిద్దరే ఆ జవాబు.

మాది తిరుత్తణి పక్కన నేతపని ఇల్లు. నడవలో రెండు గుంట మగ్గాలు, ఒకటి నాయనది, ఒకటి అన్నది. అక్క పురిటికి వచ్చి కొడుకును కన్న కొన్నాళ్లకు, బిడ్డ ఏడ్చినా ఎత్తుకోక, గోడ వైపు తిరిగి పడుకుని, వీడు నా బిడ్డ కాదనడం మొదలుపెట్టింది. దయ్యం పట్టిందన్నారు. వేపమండలు, విభూతి, గదికి గొళ్లెం, అన్నీ అయినాయి. అక్క వాళ్లత్త వచ్చి బిడ్డను ఎత్తుకుపోయింది, కోడలికి బాగైతేనే బిడ్డనిస్తాం, లేదంటే వేరే సంబంధం చూసుకుంటామని చెప్పి మరీ పోయింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా అన్నకు నిద్ర పట్టడం మానేసింది. గుంటలో దిగితే పైకి రాడు, పోగుల మధ్య అటూ ఇటూ ఉరికే నాడె ఆగదు, వారం పట్టే చీర మూడు రోజుల్లో మగ్గం దిగుతుంది, ఎదుటివాడికి సందివ్వకుండా మాట మీద మాట. వీధి వీధంతా మెచ్చుకునింది. ఆడికృత్తిక పండక్కి కావడి ఎత్తుకుని, ఎండకు మండే గుడి కొండ మెట్లు పరుగున ఎక్కినాడని, సామి ఒంటి మీదికి వచ్చినాడని, కాళ్లకు నీళ్లు పోసి మొక్కినారు. అమ్మ దిష్టి తీసింది. చోద్యం చూడండి, కదలని కూతురిదేమో దయ్యం, ఆగని కొడుకుదేమో దైవం.

నేను పదో తరగతి తప్పి ఇంట్లో ఉన్నదాన్ని, మొండిదాన్ని. నాయన ప్రాణం తోడేసి ఒప్పించి, ఆయన్నీ అక్కనూ రైలెక్కించి తిరువళ్లూరులో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయినాను. కాన్పుతో ఆడవాళ్ల ఒంట్లో కొన్ని రసాలు ఒక్కసారిగా పడిపోతాయని, కొందరికి ఆ దెబ్బ మెదడుకు తగులుతుందని, ఇది మనసు మెత్తనై వచ్చింది కాదని, బాలింత జ్వరం మాదిరి ఇదీ ఒక జబ్బేనని, మందుకు తగ్గుతుందని ఆమె తమిళంలో ఓపికగా చెప్పింది. మగవాళ్లకూ మనసు జబ్బులు వస్తాయి, కొన్నిట్లో తీరు వేరు, నిద్ర మానేసిన హుషారూ జబ్బే కావచ్చు, ఇంట్లో ఒకరికుంటే ఇంకొకరికీ రావచ్చు, పైగా వాళ్లు చెప్పుకోరు అని, నాయన మొహంలోకి చూసి అడిగింది.

"మీ ఇంట్లో ఇంకెవరైనా నిద్ర లేకుండా ఉన్నారా?"

"లేదమ్మా. మావోడు రాయి మాదిరి ఉండాడు," అన్నాడు నాయన.

నేను పక్కనే ఉన్నాను. అంత నోరున్నదాన్ని, మెదపలేదు. నాకూ అన్నంటే గర్వమే మరి.

మూడు నెలల్లో అక్క తేరుకుంది. నేనే వెంటబడి అత్తగారింటికి తీసుకుపోయి బిడ్డను అక్క ఒళ్లో పెట్టించినాను. ఆ ఏడాదే అన్న సగం నేసిన చీర మగ్గం మీదే వదిలేసి మూలన కూర్చున్నాడు. తిండి లేదు, మాట లేదు. సోమరితనమని నాయన తిట్టినాడు, పెండ్లి చేస్తే అదే సరిపోతుందన్నారు చుట్టాలు. ఒకనాటి పొద్దున అరక్కోణం వైపు పోయే రైలెక్కినాడు. మళ్లీ రాలేదు.

ఇప్పుడు మా వీధిలో మగ్గాల చప్పుడే లేదు, గుంటలు పూడ్చి బండలు పరిచేసినారు. బాలింతను గదిలో పెట్టి గొళ్లెం వేసేవాళ్లూ తగ్గినారు, ఆ మటుకు సంతోషమే. మొగపిల్లల సంగతి మాత్రం మా నాయన కాలంలోనే ఆగిపోయింది. అందుకే మా ఇంట్లో మీసం మొలిచిన ప్రతివాణ్ణీ పక్కన కూర్చోబెట్టుకుని, నిద్ర పడుతోందా నాయనా, మనసులో ఏముంది అని అడుగుతాను. ముసల్దానికి చాదస్తమని నవ్వుతారు. నవ్వుకోనీ. ఒకణ్ణి అడగకనే పోగొట్టుకున్నదాన్ని, నేను మాననుగాక మానను.