లెక్కకు రాని ముప్పై ఒకటి

నర్సింగం గోళ్లు ఎప్పుడూ మొదలంటా కత్తిరించి ఉండేవి. ఆ రోజుల్లో ఇ.సి.జి. మిషన్ వేడి ముల్లుతో మైనపు కాగితం మీద గీసేది. గోరు తగిలినా నల్ల గీత పడేది. ఆ గీత గుండెదా, గోరుదా అని తర్వాత ఎవరూ చెప్పలేరు.

కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇంట్లో పుట్టాడు. భుజం పట్టేసి మగ్గం దిగాక, 1969లో వరంగల్‌లోని ఒక దవాఖానలో వార్డుబాయ్‌గా చేరాడు. పక్కన నిలబడి చూసి చూసి మిషన్ పని నేర్చుకున్నాడు. టైపు కూడా అట్లాగే నేర్చుకున్నాడు.

అక్కడి గుండె డాక్టరు చింతకింది సారంగపాణి. కీళ్లవాత జ్వరంతో పల్లెల నుంచి వచ్చేవాళ్ల గుండె కవాటాల మీద ఆయన పదిహేనేళ్లు పరిశోధన చేసి పదకొండు వ్యాసాలు అచ్చువేశాడు. వాటిలోని ఇ.సి.జి. పట్టీలను బ్లేడుతో కోసి అట్టకు అంటించింది, కాగితాలు టైపు చేసింది, ఫారాలు నింపి పోస్టులో వేసింది నర్సింగమే.

1984లో ప్రొఫెసర్ పోస్టు పడింది. సారంగపాణికి యాభై రెండేళ్లు. వయసు హద్దును బట్టి ఇదే ఆఖరి అవకాశం. ఈసారి వ్యాసాల జాబితా ఒక్కటే చాలదన్నారు. మిగతా పరిశోధకులు తమ వ్యాసాల్లో వాటిని ఎన్నిసార్లు ఉదహరించారో కూడా రాయాలి. ఆ లెక్క హైదరాబాద్‌లో ఒక లైబ్రరీలోని లావుపాటి ఇండెక్సు పుస్తకాల్లో ఉంటుంది.

"ఓపీ ఇడిసిపెట్టి నేను పోలేను నర్సింగం. నువ్వే జర చూసిరావాలె."

"నాకు గంత ఇంగ్లీషు యాడిది సార్?"

"ఇంగ్లీషుతోని పనిలేదు. పేరు, నంబర్లు, గంతే. దినాం సన్నగీతలు చూసే కండ్లు నీయి."

రెండు రోజులు భూతద్దం పట్టుకుని, ఏడాదికొక పుస్తకం చొప్పున, సారంగపాణి పేరు ఉండాల్సిన చోటల్లా వెతికాడు. నాలుగు దొరికాయి. మూడుసార్లు చూశాడు. నాలుగే.

"పదిహేనేండ్లకు నాలుగా," అన్నాడు డాక్టరు. జాబితా కింద సంతకం పెట్టాడు. గడువుకు ఒక రోజు ముందు దరఖాస్తు రిజిస్టర్డ్ పోస్టులో పోయింది.

వారం తర్వాత నర్సింగం అన్నం తింటుంటే భార్య విమలమ్మ రేషన్ దుకాణం నుంచి మండిపడుతూ వచ్చింది.

"దుకాణంల కొత్తాయన వచ్చిండు. మన కార్డు దొర్కలేదట. గంటసేపు నీ పేరు మీద దేవులాడుతాండు! మా ఇంటిపేరు వేముల, ఆడ చూడయ్యా, నర్సింగాలు ఊరినిండ ఉన్నరు అన్న నేను. అప్పుడు దొరికింది. సదువుకున్నోళ్లకు గీ మాత్రం తెల్వదా?"

నర్సింగం చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

ఇక్కడి పత్రికల్లో డాక్టరు పేరు సి. సారంగపాణి అని పడేది. విదేశాలకు పంపిన మూడు వ్యాసాలకు మాత్రం ఫారాల్లో ఇంటిపేరు వేరుగా అడిగారు. నర్సింగం చింతకింది అని రాశాడు. మన దగ్గర ఇంటిపేరంటే అదే కదా. అక్కడివాళ్లు ఆ పేరునే పట్టుకున్నారు. ఆ మూడూ ఇండెక్సులో చింతకింది కింద ఉంటాయి. తను అటు చూడనే లేదు.

సెలవు పెట్టి మళ్లీ పోయాడు. చింతకింది కింద ముప్పై ఒకటి ఉన్నాయి. సంతోషం కలగలేదు. నంబర్లన్నీ రాసుకుని, పుస్తకం మూసి వరంగల్ బస్సెక్కాడు.

"ఫారం నింపింది నేనే సార్. తప్పు నాది."

"ఇంటిపేరు అడిగిండ్రు, ఇంటిపేరే రాసినవ్. కింద సంతకం పెట్టినోన్ని, నేనేం జూసిన?"

వకీలు దగ్గర స్టాంపు కాగితం మీద రెండు పేర్లూ ఒక్క మనిషివేనని రాయించారు. దానితో పాటు కొత్త జాబితా పట్టుకుని డాక్టరు ఇంటర్వ్యూకు పోయాడు.

మరునాడు పొద్దున ఇ.సి.జి. గదికి వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు.

"ఢిల్లీ నుంచి వచ్చిన పెద్దాయన అడిగిండు. మీ ఊర్లె చింతకింది అని ఒకాయన కవాటాల మీద మంచిగ రాసిండు, ఆయన మీకేమైతడు అని."

"మీరేమన్నరు సార్?"

"ఆ చింతకిందిని నేనే అన్న. అందరు నవ్విండ్రు. నేను గూడ నవ్విన."

"కాగితం చూపియ్యలేదా?"

"చూపిచ్చిన. మంచిగనే చదివిండ్రు. గడువు లోపట వచ్చిన జాబితానే లెక్క, ఒకరికి మారిస్తె అందరికి మార్చాల్నట. నాలుగు నాలుగే. పోస్టు వేరేటాయనకు అయినట్టే."

డాక్టరు ఇంకో మాట అడిగాడు.

"గా ముప్పై ఒక్కమంది నా వ్యాసం గురించి ఏం రాసిండ్రు నర్సింగం? మంచిగ రాసిండ్రా, తప్పులు పట్టిండ్రా?"

"నంబర్లే రాసుకొచ్చిన సార్. ఏం రాసిండ్రో చూడలే."

"నేను గూడ అడగలే," అన్నాడు సారంగపాణి. కళ్లద్దాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. "బయట ఎంతమందున్నరు?"

"పద్నాలుగు మంది సార్."

"పిలువు."