చెరువులో పడిన పాలపన్ను

శనివారం ఉదయం ఎనిమిదింబావుకు పాఠం మొదలైంది. వికారాబాద్ దగ్గరి చెరువులో మా మనవరాలు చిన్ని వాటర్ స్కీయింగ్ నేర్చుకుంటోంది. కాళ్లకు పలకలు కట్టుకుని, మోటారు పడవ తాడు పట్టుకుని నీళ్ల మీద నిలబడాలి. గట్టు మీద నేను కూర్చోలేక, నిలవలేక తిరుగుతున్నాను. చిన్ని లేవబోయి బోర్లా పడింది. నేను నీళ్లలోకి పరుగెత్తాను. ఎడమ చెప్పు బురదలో దిగబడిపోయింది.

దెబ్బేమీ తగల్లేదు గానీ, కదులుతున్న పాలపన్ను ఊడి చెరువులో పడింది. ఒడ్డుకొచ్చి ఒకటే ఏడుపు.

"ఇంటికప్పు మీద వెయ్యకపోతే కొత్త పన్ను రాదుగా అమ్మమ్మా! నేనింక దిగను."

మా బెజవాడ ఇంట్లో ఆ మాట చెప్పింది నేనే.

కట్ట మీద గొర్రెలు తోలుకెళుతున్న ఒకావిడ ఆగింది. "ఏమైంది బిడ్డా, గట్ల ఏడుస్తున్నవ్?"

సంగతి విని, పసుపు పూసిన రాయి చూపించింది. "గామె కట్టమైసమ్మ. గీ చెర్వే ఆమె ఇల్లు, గీ నీళ్లే ఇంటికప్పు. నీ పన్ను కప్పు మీదనే వడ్డది, ఫికర్ జెయ్యకు."

"నిజంగా వస్తుందా?"

"నా గొర్రెలు పండ్లు యాడ జారిడుస్తయో ఎవరికెరుక? వాటికే మొలుస్తయి, నీకు రాదా?"

చిన్ని ముక్కు తుడుచుకుని మళ్లీ దిగింది. ఈసారి మలుపు దాకా నిలబడింది.

పోయినవి రెండు: దాని పాలపన్ను, నా ఎడమ చెప్పు.