గాజు గొట్టం నిండా నీళ్లే

డిప్లొమా పూర్తి కాగానే విశాఖలోని ఓ రొయ్యల ఫ్యాక్టరీలో బాయిలర్ పని నేర్చుకోవడానికి చేరాను. నాకు నేర్పేది సీనియర్ మెకానిక్ అప్పలరాజు గారు. ఒకరోజు ఆయన టీకి వెళ్తూ, బాయిలర్‌లో నీటిమట్టం చూపించే గాజు గొట్టాన్ని కనిపెట్టుకుని ఉండమన్నారు. తిరిగొచ్చి అడిగితే, “నిండా ఉంది సార్” అన్నాను ధీమాగా. గొట్టంలో ఎక్కడా నీటి గీత కనబడలేదు మరి.

“నిండా ఉన్నా, సుక్క లేకపోయినా ఒక్కలాగే కనిపిత్తాదమ్మా” అంటూ ఆయన గొట్టం కింది కుళాయి తిప్పారు. బుస్సుమని ఆవిరి వచ్చింది తప్ప నీళ్లు రాలేదు. నీళ్లు తగ్గితే మోగాల్సిన అలారం బురద పట్టి మూగబోయింది. నేను కంగారుగా నీళ్ల పంపు స్విచ్ మీద చెయ్యి వేశాను. ఆయన నా చెయ్యి లాగేసి, ముందు మంట ఆపేశారు.

“ఇంత కాలిపోయినదాన్లో నీళ్లు పోత్తే, ఇద్దరం ఎగిరి జాలరిపేట కాడ పడతాం” అన్నారు నెమ్మదిగా.

అప్పటి నుంచి కుళాయి తిప్పి చూడందే ఏ గొట్టాన్నీ నమ్మలేదు. నా పెళ్లయ్యాక ఆయన్ని భోజనానికి పిలిచి మజ్జిగ గ్లాసు అందించాను.

“నిండా ఉందేటమ్మా?” అన్నారు.

మా ఆయన అయోమయంగా చూస్తుంటే, నేను గ్లాసు వంచి నాలుగు చుక్కలు ఒలికించి చూపించాను.