వెనక చక్రం కింద మరక

"నా లారీ షెడ్డులోనే దినం భోజనాలు పెట్టుకో, కాదన్ను," అన్నాడు సుందరరామయ్య షావుకారు. "నీ పాక ముందు నలుగురు కూకోడానికి సోటు లేదు కదా. కానీ రత్నాలూ, గచ్చు అద్దంలా ఉండాల. నూనె మరక ఒక్కటి కనపడకూడదు."

"సిత్తం బాబూ," అంది రత్నాలమ్మ.

ఆమె భర్త ఢిల్లీరావు షావుకారు లారీ నడిపేవాడు. మందస కొండల నుంచి జీడిపిక్కల లోడుతో దిగుతూ మలుపులో లారీ కల్వర్టును గుద్దింది. అతనక్కడే పోయాడు. నుజ్జయిన లారీని షావుకారు మర్నాడే తుక్కుకు తోలించేశాడు. అడిగినవాళ్ళకల్లా "తాగి నడిపాడు పాపం, ఏం చేస్తాం" అన్నాడు. పలాసలో ఆయనకు ధర్మాత్ముడని పేరు. అలాంటివాడి నోటి నుంచి 'పాపం' అన్న మాట కూడా కలిసొస్తే ఇక కాదనేవాడెవడు? ఆ మాట రైలెక్కి సుమ్మాదేవిలో ఉన్న అత్త సూరమ్మ చెవిన పడింది.

"వస్తాను. కన్నాను కాబట్టి వస్తాను," అని కబురు పెట్టింది ముసలామె. "తాగి సచ్చినోడి ఇస్తట్లో మెతుకు మాత్రం ముట్టను."

తల్లి మెతుకు ముట్టకుండా లేస్తే మిగతా చుట్టాలూ లేస్తారు. ఆ తరవాత ఢిల్లీరావుది తాగుబోతు చావే. రత్నాలమ్మకు అన్నం సహించనిది ఆ ఒక్క మాటకే.

నిజానికి అతను తాగనివాడేం కాదు. పండక్కీ పబ్బానికీ తాగేవాడు, తాగితే పాటలు పాడేవాడు, పాడితే వీధిలో కుక్కలు లేచేవి. కాని బండి తీసే రోజున కల్లు కుండ ఉన్న వీధిలోంచి కూడా నడిచేవాడు కాదు. క్లీనరుగా చేరి, స్టీరింగు చేతికి రావడానికి ఎన్నో ఏళ్ళు కాచుకున్నవాడు. రత్నాలమ్మ చిన్నప్పటి నుంచీ పిక్కలు కొట్టిన మనిషి. జీడి సొన పట్టి ఆమె వేళ్ళు నల్లబడిపోయాయి. పెళ్ళిలో ఆ చేతులు చూసి "మనిద్దరివీ ఒకటే రంగు" అని తన ఆయిలు చేతులు పక్కన పెట్టి నవ్వాడతను.

చాకలి పేటలో చవుడు మట్టి అడిగి తెచ్చుకుంది. కొబ్బరి పీచు ముద్ద చేసి షెడ్డులో మోకాళ్ళ మీద కూర్చుంది. ముందు భాగంలో ఇంజను కింద పడ్డ మరకలు పెద్దవి. పొడి ఇసక పోసి, నూనె పీల్చాక ఊడ్చి, చవుడు చల్లి, వేడినీళ్ళు పోసి రుద్దింది. మోకాళ్ళు దోక్కుపోయాయి. మధ్యాహ్నానికి అక్కడి గచ్చు తెల్లబడింది. తన మొగుడి ఆనవాళ్ళు తానే కడుక్కోవడం కొందరికే పట్టే భాగ్యం.

వెనక్కి జరిగింది. వెనక చక్రం నిలిచే చోట గోధుమరంగు మరక ఒకటి, దాని నడుమ కొబ్బరి చిప్ప అంచుతో గీసినట్టు గుండ్రటి చార. రత్నాలమ్మ చెయ్యి ఆగిపోయింది.

ఆ చిప్ప తనింటిదే. ఢిల్లీరావు అడిగి పట్టుకెళ్ళాడు. "బ్రేకాయిలు కారతందే. కింద చిప్పెడతన్నాను. బాబుకి సెప్పినాను. సీజనయ్యాక సూద్దాం లేరా అన్నాడు." అంతే అన్నాడు. ఆ మాటను ఆమె అప్పుడు పిడకల వాసనలో, పిల్లాడి ఏడుపులో విని మరిచిపోయింది.

కడిగితే అతని పక్షాన మాట్లాడేది ఇంకేమీ మిగలదు. కడగకపోతే షెడ్డు లేదు, దినం లేదు. పీచు ముద్ద పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

అప్పుడే తమ్ముడు అప్పన్న తట్ట నెత్తిన పెట్టుకుని వచ్చాడు. పిక్కలు కాల్చే బట్టీలో అతని పని. ఆ పనివాళ్ళకు చేతికి ఏం అంటినా బూడిదే మందు.

"లెగప్పా, సచ్చిపోతావేటి? బూడిద తెచ్చినాను. తడిపి రాత్రంతా ఒగ్గీ, ఎంత నూనైనా తాగెస్తాది."

ఆమె వద్దనేలోపే ఆ మరక మీద గుమ్మరించి, నీళ్ళు చల్లి, పైన రాయి పెట్టాడు. అందులో సగం కాలిన పిక్క తొక్కలున్నాయని చూసుకోలేదు. తెల్లారి రాయి తీస్తే మరక తారులా నల్లబడి ఉంది. తొక్కల్లోని జీడి సొన గచ్చులోకి దిగి, చిప్ప చారను చెక్కినట్టు నిలబెట్టింది. అప్పన్న అరచేతులు పొక్కేదాకా రుద్దినా పోలేదు.

షావుకారు చూసి ముఖం మాడ్చుకున్నాడు. "ఏటి సేసినార్రా! దాని మీద సాప పరిసీండి."

చాప పరిచారు. దినం నాడు చుట్టాలు వరసల్లో కూర్చున్నారు, విస్తళ్ళు పడ్డాయి. సూరమ్మ గోడకు ఆనుకుని నిలబడే ఉంది.

"కూకో అత్తా," అంది రత్నాలమ్మ.

"నానెందుకు కూకుంతానే? ఊరంతా నా ముకాన ఉమ్మేత్తంటే."

రత్నాలమ్మ వెళ్ళి చాప లాగేసింది.

"ఇది సూడు. ఇక్కడ మన కొబ్బరి సిప్పెట్టినాడు నీ కొడుకు. వెనక సక్రం నుంచి బ్రేకాయిలు కారతంటే సిప్పెట్టినాడు. బాబుకి సెప్పినాడు. సీజనయ్యాక సూద్దాం అన్నారు బాబు. ఆ దినాన ఆడు తాగలేదు. ఇంట్లో గంజి తాగి ఎల్లినాడు."

అందరూ షావుకారు వైపు చూశారు. ఆయన "ఇప్పుడవన్నీ ఎందుకమ్మా... వడ్డించండర్రా, వడ్డించండి, అన్నం సల్లారిపోతంది," అన్నాడు. ఢిల్లీరావు తనకు చెప్పలేదని మాత్రం అనలేకపోయాడు.

సూరమ్మ కర్ర పక్కన పెట్టి వంగింది. ఆ చార చుట్టూ వేలితో ఒకసారి రాసింది. వేలికి ఏమీ అంటలేదు.

"ఈడే ఎయ్యండి నా ఇస్తరి," అంది.

ఆ మరక పక్కనే కూర్చుని తల్లి మొదటి ముద్ద తింది. తక్కినవాళ్ళు తలలు వంచుకుని తిన్నారు. వెళ్తూ వెళ్తూ ఒక్కరూ షావుకారుకు దండం పెట్టలేదు.

ఆ వేసవిలోనే ఆయన తాపీమేస్త్రీని పిలిపించి ఆ మరక మీద కొత్త సిమెంటు పూయించాడు. నూనె దిగిన గచ్చును సిమెంటు పట్టుకోదు. వానలు పడకముందే పెచ్చు లేచిపోయింది.