తిమ్మిరులు: లేవు

మా పెద్దమ్మకి ఎముక మజ్జలో కేన్సర్. కాకినాడ డాక్టరుగారు రాసిచ్చిన ఇంజెక్షన్ను వారానికోసారి అమలాపురంలో, పొట్టమీద చర్మం కింద ఇచ్చేవారు. పెద్దమ్మ ఊరు నగరం. అక్కణ్ణించి ఆవిణ్ణి ఆటోలో తీసుకెళ్ళడం, ఆసుపత్రివాళ్ళిచ్చే కాగితం నింపడం నా వంతు. జ్వరం, విరేచనాలు, తిమ్మిరులు అని వరసగా గళ్ళుండేవి. "ఏం లేవుగా పెద్దమ్మా?" అని నేననడం, "ఆఁ, ఏం లేవులే, రాసెయ్" అని ఆవిడనడం, నేను 'లేవు' అని గీకెయ్యడం. రెండు నిమిషాల పని.

ఆ కాగితం నింపడానికి నాకన్నా తగినవాళ్ళు జిల్లా అంతా వెతికినా దొరకరని నా గర్వం. ఎందుకంటే నేను బతికేదే ఆ చదువు మీద. వేటమాంసంలో పచ్చి బొప్పాయి ముక్క వేస్తే మెత్తబడుతుంది కదా, బొప్పాయి పాలలో ఉన్న ఎంజైమ్ ప్రొటీన్ను కోసేస్తుంది. మన ఒంట్లో ప్రతి కణం లోపలా అలాంటి కోతమిల్లు ఒకటి పాతబడ్డ ప్రొటీన్లను ముక్కలు చేస్తూ ఉంటుంది. ఈ రకం కేన్సర్ కణాలు పూటపూటకీ కుప్పలుగా ప్రొటీన్ తయారుచేస్తాయి కనుక, మిల్లు ఆపేస్తే తమ చెత్తలో తామే ఊపిరాడక చస్తాయి. ఆ మిల్లు నోట్లో ఇరుక్కునే చిన్న అణువులను కంప్యూటర్లో గీయడం నా ఉద్యోగం. ఎక్కడ కూర్చుని గీసినా ఒకటే కాబట్టి పెద్దమ్మ ఇంట్లో కూర్చుని గీస్తున్నాను.

ఇరికించడం అంత కష్టం కాదు. ఇంకెక్కడా ఇరుక్కోకుండా చూడడమే చచ్చే చావు. నరాల్లో ఉండే వేరే ఎంజైమ్‌కి కూడా అతుక్కుందంటే పాదాలు, వేళ్ళు మొద్దుబారతాయని మాలో చాలామందికి అనుమానం. తొందరగా కనిపెట్టి మోతాదు తగ్గిస్తే స్పర్శ తిరిగి రావచ్చు. ఆలస్యమైతే ఇక రాకపోవచ్చు. ఈ సంగతి మీద లాబ్‌లో గొంతు చించుకుని వాదించినదాన్ని నేను.

ఆ రోజు మే నెల ఎండ మాడ్చేస్తోంది. ఆటో దిగగానే పెద్దమ్మ తిన్నగా లోపలికి వెళ్ళిపోయింది, నర్సు ఆవిణ్ణి ఇంజెక్షన్ గదిలోకి తీసుకెళ్ళింది. నేను కౌంటర్ దగ్గర ఆవిణ్ణి అడక్కుండానే 'లేవు' అని రాసేసి, కాగితం లోపలికి పంపించి, సంచి సర్దుకుంటున్నాను. గేటు దగ్గర కొబ్బరిబొండాలు అమ్మే ఆవిడ ఒక చెప్పు పట్టుకుని లోపలికొచ్చింది.

"ఇది ఎవరిదండీ? పెద్దావిడెవరో వదిలేసి వెళ్ళిపోయేరండీ. పిలుస్తున్నా చూసుకోలేదండీ."

నేను కొనిచ్చిన చెప్పే. నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది. ఇదేం పరధ్యానం, ఈవిడతో వేగలేక చస్తున్నాను అనుకుంటూ లాక్కున్నాను. లాక్కుని బయటికి చూశాను. గేటు నుంచి మెట్ల దాకా సిమెంటు చప్టా. ఆ ఎండలో నేనైతే వట్టికాళ్ళతో రెండడుగులు వెయ్యలేను. పెద్దమ్మ ఒంటిచెప్పుతో, తొందరేం లేకుండా, దాని మీదే నడిచి వెళ్ళింది.

ఇంజెక్షన్ గదిలోకి పరిగెత్తాను.

నర్సు చేతిలో సిరంజి, పెద్దమ్మ చీర పక్కకి తొలగించి ఉంది. "ఆగండి! ఆగమంటుంటే!" అని కేకపెట్టాను.

"ఏవైందండీ? మందు కలిపేసేనండీ. ఏం లేవని మీరే రాసేరు కదండీ."

"తప్పు రాశాను."

"ఏవిటే ఆ అరుపులు, నలుగురిలో పరువు తీస్తావేంటి? నువ్వు ఇచ్చెయ్యమ్మా," అంది పెద్దమ్మ నర్సుతో.

నేను మంచానికీ నర్సుకీ మధ్య కింద కూలబడ్డాను. పెద్దమ్మ అరికాలు ఎర్రగా కంది, మడమ దగ్గర బొబ్బ తేలుతోంది. "కళ్ళు మూసుకో పెద్దమ్మా. నేనిప్పుడు ఏ వేలు పట్టుకున్నానో చెప్పు."

"బొటనవేలు," అంది ధీమాగా.

నేనింకా చెయ్యి వెయ్యనే లేదు.

నర్సు సిరంజి ట్రేలో పెట్టేసి డాక్టరు కోసం వెళ్ళింది. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చేశాయి. "ఎందుకు దాచావు? నీ కాళ్ళు పోతే ఎవరు తెచ్చిస్తారు?"

ఆవిడ కొంగు వేలికి చుట్టుకుంటూ, "అది కాదే, మా అమ్మాయి చేసిన మందే పొడిపించుకుంటున్నానని అందరికీ చెప్పేను. పాస్టరమ్మగారిక్కూడా చెప్పేను. నువ్వు అంత కష్టపడి చేసిందాన్ని నేనెలా వంక పెట్టనే?" అంది.

ఆ మాట నా చెవిన పడి చాలా రోజులే అయింది. చర్చి దగ్గర ఒకావిడ నా చేతులు పట్టుకుని మెచ్చుకుంటే, కాదండీ అనలేదు నేను. నవ్వి ఊరుకున్నాను. సంబరపడ్డాను కూడా, సిగ్గులేకుండా.

"అది నేను చేసింది కాదు పెద్దమ్మా. ఎవరో ఎక్కడో ఎప్పుడో చేశారు. నేను గీసినవి ఇంకా గాజుగొట్టాలు దాటి బయటికి రాలేదు."

"ఒక్కటీనా?"

"ఒక్కటీ."

చిన్నబుచ్చుకుంటుందనుకున్నాను. ఆవిడ ఊపిరి పీల్చుకుని, కాలు మంచం మీదికి లాక్కుని, బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"ఆ మాటేదో ముందే ఏడవచ్చు కదే! పరాయివాళ్ళ మందైతే నాకు మొహమాటం దేనికి? రాసుకో. ఈస్టర్‌కి ముందు మట్టల ఆదివారం నాడు మట్ట పట్టుకుని నడుస్తుంటే కింద నేల ఉన్నట్టే తెలీలేదు. తరవాత వేళ్ళు కూడా పోయేయి. రవిక హుక్కులు పెట్టుకోలేక పిన్నీసులు గుచ్చుకుంటున్నాను. సూదిలో దారం నిన్ను ఎక్కించమన్నానే, కళ్ళు ఆనడం లేదని, అది అబద్ధం. రాస్తున్నావా?"

రాస్తున్నాను. మట్టల ఆదివారం వెళ్ళి అప్పటికి ఏడు వారాలు.