అంచులు కత్తిరించిన కాగితాలు

నేను కరాచీతోటి చేసినంత చవక బేరం మా హుజూరాబాద్ బజారుల ఇంకెవడూ చేయలే. చేసేంత తెలివి నాకొక్కనికే ఉండె. కిరాణం దుకాణం గద్దె మీద పెరిగినోన్ని, సగం ధరకాడ మొదలుపెట్టుడు నాకొకరు నేర్పాల్నా?

మా పక్కది గాజుల దుకాణం. రెండు దుకాణాల నడుమ ఒక్కటే చెక్క గోడ. గాజులాయన కొడుకు, నేను ఒక్క బల్ల మీద ఉర్దూ చదివినోళ్లం. పోలీసు చర్య అయిన కొన్నేండ్లకు వాళ్లు ఇంటిల్లిపాది కరాచీ పోయిండ్రు. పోతపోత గాజులాయన తాళంచెవి మా బాపు చేతుల పెట్టిండు. "జర చూస్తుండు సావుకారి, వస్తం" అన్నడు. తర్వాత సర్కారు ఆ దుకాణాన్ని వేలం వేసింది, తాళం మారింది. చెవి మాత్రం మా గల్లాపెట్టెలనే ఉన్నది.

నేను పట్నంల రాజనీతిశాస్త్రంల పరిశోధనకు చేరిన. కొత్త దేశాలు పక్కదేశానికి భయపడి, దూరపు పెద్ద దేశాలతోటి ఆయుధాల ఒప్పందాలు ఎందుకు చేసుకుంటయన్నది నా విషయం. దానికి కరాచీ పేపర్లు కావాలె. గాజులాయన కొడుక్కు, నా దోస్తుకు రాసిన. వెంటనే జవాబొచ్చింది: "పేపరు ముక్కలు పంపుత. బదులుకు నాకు మన బజారు గురించి రాయి. ఎవల దుకాణం ఎట్లున్నది, మీ అవ్వ సర్వపిండి చేస్తుందా, అన్నీ."

నవ్వొచ్చింది. ఉత్తగ దొరికే ముచ్చట్లకు, పైసలిచ్చినా దొరకని సరుకు! అయినా కొసరు అడగకుంటే నిద్ర పడుతదా? "నీ ఇంటి సంగతులు రాసి బరువు పెంచకు. స్టాంపుకు సరిపోయే బరువంత పేపరు ముక్కలే పెట్టు" అని రాసిన.

వాడు మాట మీద నిలబడ్డడు. లిఫాఫా కవరుల ఉత్తరం ఉండకపోతుండె. పేపరు ముక్కల అంచులకు మాత్రం పెన్సిలుతోటి తెలుగుల ఒకటి రెండు మాటలు ఉంటుండె. కరాచీల తెలుగు రాసుకునే జాగ వానికి అదొక్కటే కావచ్చు. నేను ఒక్క చూపు చూసి, కత్తెరతోటి అంచు కోసేసి, వార్తను రిజిస్టరుల అంటిస్తుంటి. బదులుకు బజారు ముచ్చట్లు రాసి పంపుతుంటి.

"గా పిలగాడు ఏమంటుండు? పెండ్లయిందా?" అని అడిగేది అవ్వ.

"వార్తలు పంపుతుండు అవ్వా."

"వార్తలు పేపర్ల ఉండయా? వాని ముచ్చట చెప్పురా."

చెప్పెటందుకు నాకాడ ఏముండె?

థీసిస్ అయినంక బాపుకు సమజ్ చేయబోయిన. ఒక దేశం తన రక్షణకని ఆయుధాలు కొంటే, అది చూసి పక్కదేశం భయపడి ఇంకిన్ని కొంటదని.

"పక్కోడు పెద్ద తాళం వేస్తే మనకు బుగులు. గిది తెలుసుకోవడానికి గిన్నేండ్లా బిడ్డా?" అన్నడు బాపు. "మరి పక్కోడు తాళంచెవి మన చేతుల పెట్టి పోయిండు గదా. అది రాసినవా?"

రాయలే.

అరవై ఐదుల రెండు దేశాల నడుమ లడాయి మొదలైంది. నేను చదివిన సిద్ధాంతమంత పేపర్ల నిజమైతుంటే, నేను వాటి దిక్కు కాదు, డాక్‌ఖానా దిక్కు చూస్తున్న. ఉత్తరాలు బందైనయి. లడాయి ఆగి, డాక్ నడిచినంక మూడు ఉత్తరాలు రాసిన. పేపరు ముక్కలు అడగలే. ఎట్లున్నవు, ఎంతమంది పిల్లలు, అవ్వ అడుగుతుందని రాసిన. ఒక్కటికీ జవాబు రాలే.

ఇగ లెక్క తేల్చుత. నాకు వచ్చినవి ఒక పట్టా, కరీంనగర్‌ల లెక్చరర్ నౌకరి, మూడు రిజిస్టర్లు. కరాచీ సర్కారు ఎవలతోటి ఏం ఒప్పుకున్నదో చూడకుండ చెప్పుత. వాడు బతికున్నడా అంటే చెప్పలేను. వానికి మాత్రం మా బజారంత ముట్టింది, ఎవల అరుగు కూలిందో, ఎవల బిడ్డకు లగ్గమైందో, అవ్వ ఏ నాడు సర్వపిండి చేసిందో. బేరగాడు నేను కాదు, వాడు.

మూడో రిజిస్టరుల ఒక్క ముక్కకు అంచు మిగిలింది. వార్త అక్షరాలు మరీ దగ్గరగ ఉండి కత్తెర పట్టలే. "ఈడ వాన లేదు. మన దిక్కు పడ్డదా?" అని ఉన్నది.

నేను ఇయ్యవలసినవి రెండున్నయి: ఆ జవాబు, ఒక తాళంచెవి.