తలుపు మీది డెయిరీ పేరు

హనుమయ్య ముప్ఫై ఏళ్ళు విజయవాడ ఆటోనగర్‌లో లారీలకు పేర్లు రాసిన మనిషి. దసరా వచ్చిందంటే అతనికి తిండికి కూడా తీరిక ఉండేది కాదు. వెలిసిపోయిన అక్షరాలతో బండిని పూజకు నిలబెట్టడం డ్రైవర్లకు నామోషీ, హనుమయ్యకు అంతకన్నా నామోషీ. చెల్లెలి పుణ్యమా అని గ్రీన్‌కార్డు వచ్చి, ఎనిమిది నెలలుగా అమెరికాలో ఎడిసన్ దగ్గర నీరజ్ యార్డులో పనిచేస్తున్నాడు. నీరజ్ పాత అమెరికన్ కార్లూ ట్రక్కులూ కొని, బాగుచేయించి, వాటిని సేకరించే పిచ్చి ఉన్నవాళ్ళకు అమ్ముతాడు. రంగుల పని హనుమయ్యది.

జీతం మాట ఎలా ఉన్నా, ఆ ఉద్యోగంతో వచ్చిన ఇన్సూరెన్స్ కార్డు అతనికి ప్రాణంతో సమానం. భార్య నాగమల్లేశ్వరికి వారానికి మూడుసార్లు డయాలసిస్ జరిగేది ఆ కార్డు మీదే.

"అంకుల్, టూ మంత్స్ నుంచి ఒక్క బండి మూవ్ కాలేదు," అన్నాడు నీరజ్ సోమవారం. ఇక్కడే పుట్టి పెరిగినవాడు, తెలుగు కొంచెం తడబడుతుంది. "ఈ షెవీ ట్రక్ పోకపోతే నేను యార్డ్ క్లోజ్ చేస్తాను. గురువారం బయర్ వస్తున్నాడు. మీరు రెడీ చేసి పెట్టండి."

గురువారం విజయదశమి. హనుమయ్య మనసులోనే అమ్మవారికి దండం పెట్టుకున్నాడు.

1951 నాటి షెవర్లే ట్రక్కు అది. తలుపు మీద ఏదో పాల డెయిరీ పేరు, సగం ఎండకు ఎగిరిపోయింది. ఇంతవరకు యార్డులో ప్రతి బండినీ అతనిచేత కొత్తగా పెయింట్ చేయించారు గనక, దీన్ని మాత్రం ముట్టుకోకూడదని ఎవరూ చెప్పలేదు, అతనికి తోచనూ లేదు. బుధవారం మధ్యాహ్నం నీరజ్ ఊళ్ళో లేని సమయంలో కూర్చుని, చెదిరిన ప్రతి అక్షరాన్నీ మీగడ రంగుతో నిలబెట్టాడు. చెయ్యి ఒక్కసారి కూడా వణకలేదు. చాన్నాళ్ళకు తనమీద తనకే ముచ్చటేసింది.

గురువారం పొద్దున్నే ట్రక్కు కొనడానికి పెన్సిల్వేనియా నుంచి వచ్చిన పెద్దమనిషి నేరుగా తలుపు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అక్షరాన్ని వేలితో తాకాడు. వేలికి రంగు అంటింది. ఆయన ముఖం మాడిపోయింది.

"ఈయన పాత పెయింట్ కోసమే వచ్చాడు అంకుల్," అన్నాడు నీరజ్. "సెవెంటీ ఇయర్స్ అలాగే ఉంది. అదే దాని వేల్యూ."

"తుడిచేస్తా బాబూ! తడి ఆరలేదు, ఇట్టే వచ్చేస్తది!" హనుమయ్య పరుగున వెళ్ళి టర్పెంటైన్ గుడ్డ తెచ్చి తుడిచాడు. కొత్త రంగు వచ్చింది. దానితోపాటు కింద పెళుసుబారిన పాత రంగూ ఊడి వచ్చింది. పెద్దమనిషి "ఆపు, ఆపు" అని అరిచినా చెయ్యి ఆగలేదు. ఆగేసరికి రెండక్షరాలు బోసిపోయాయి. ఆయన కారెక్కి వెళ్ళిపోయాడు.

నీరజ్ తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది హనుమయ్యకు.

"నేను మీకు చెప్పాల్సింది. నా మిస్టేక్," అన్నాడు నీరజ్ చివరికి. "ఇన్సూరెన్స్ ఈ నెలాఖరు దాకే ఉంటుంది, సారీ అంకుల్. ట్రక్‌ని వచ్చిన ధరకి ఇచ్చేద్దాం. ఒక బోర్డు రాయండి, గ్లాస్ మీద పెడదాం." ఏం రాయాలో ఇంగ్లీషులో కాగితం మీద రాసి ఇచ్చాడు: తలుపు మీది అక్షరాలు ఒరిజినల్ కావు.

హనుమయ్య ఒక్కొక్క అక్షరం చూసి రాస్తుండగా ఫోన్ మోగింది. నాగమల్లేశ్వరి డయాలసిస్ సెంటర్ నుంచి.

"ఏమయ్యా, బేరం కుదిరిందా?"

"బోర్డు రాస్తన్నానే."

"అమ్ముడుపోయిందని రాసే బోర్డా? నాకు తెలుసు, అమ్మవారు మన మాట వినకుండా పోద్దా!" ఆమె పక్కనున్న నర్సుకు కూడా ఆ సంగతి చెబుతోంది, వచ్చీరాని ఇంగ్లీషులో, నవ్వుతూ.

హనుమయ్య ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకున్నాడు. కుంచె మళ్ళీ రంగులో ముంచాడు.